బిడ్డ చదువు కోసం ఊరు మారే ముందు

విజయనగరం జిల్లాలోని కొత్తవలస మండలం పాలనాపరంగా విజయనగరం కలెక్టరు పరిధిలో ఉన్నప్పటికీ, శృంగవరపుకోట శాసనసభ నియోజకవర్గంలో భాగంగా విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి ఓటు వేస్తుంది. వైద్యానికైనా, కాలేజీ చదువుకైనా, ఉద్యోగానికైనా అక్కడి జనం చూసేది పెందుర్తి మీదుగా విశాఖ వైపే. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి కిరండూల్ లైను చీలిపోయే ఈ జంక్షన్ ఊళ్లో గానీ, చుట్టుపక్కల గ్రామాల్లో గానీ ఒక బిడ్డకు ఆటిజం ఉన్నట్టు తేలితే, ఆ తల్లిదండ్రుల ముందుకు వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇక్కడే ఉండిపోవాలా, విశాఖకు మారాలా, లేక హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోవాలా. బంధువులూ తెలిసినవాళ్లూ ఇచ్చే సలహాలు చాలావరకు ఏ నగరంలో ఎంత పెద్ద సెంటర్ ఉందన్న మాటతోనే మొదలై అక్కడే ముగుస్తాయి. ఆ సెంటర్‌లో గడిచే ముప్పావు గంట పోగా రోజులో మిగిలిన సమయమంతా బిడ్డకు ఎలా గడుస్తుందన్నది ఎవరి లెక్కలోకీ రాదు. ఊరు మారాలా వద్దా అన్నది తేల్చవలసింది ఆ మిగిలిన సమయమే.

ఆటిజం అంటువ్యాధీ కాదు, పెంపకంలో జరిగిన లోపమూ కాదు, మెదడు ఎదుగుదలలోనే ఉండే ఒక తేడా. మాటతో గానీ సైగతో గానీ ఎదుటివారితో సంబంధం కలుపుకోవడం కష్టం కావడం, చేసిన పనినే పదేపదే చేయడం, దినచర్యలో చిన్న మార్పు వచ్చినా తట్టుకోలేకపోవడం, చప్పుడుకూ వెలుగుకూ స్పర్శకూ రుచికీ అందరికన్నా ఎక్కువగానో తక్కువగానో స్పందించడం దీని ముఖ్య లక్షణాలు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి దీన్ని విడిగా వర్ణించిన నాటి నుంచి నేటి వరకు అవగాహన చాలా మారింది. ఇప్పుడు దీన్ని స్పెక్ట్రమ్ అంటున్నారు, అంటే ఒక్క మాటా రాని పిల్లవాడి నుంచి వయసుకు మించి చదవగలిగి స్నేహితుణ్ణి మాత్రం సంపాదించుకోలేని పిల్లవాడి దాకా అందరూ ఒకే పేరు కిందకు వచ్చే విస్తృతి అన్నమాట. ఒకరి పిల్లవాడికి అద్భుతంగా పనిచేసిన బడి మరొకరి పిల్లవాడికి అక్కరకు రాకపోవడానికి మూలం ఈ విస్తృతిలోనే ఉంది. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి, దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ, బుద్ధిమాంద్యం వంటి తొమ్మిది సమస్యల్లో కనీసం ఒకటి ఉన్నట్టు తేల్చింది. కాబట్టి ఇది ఏ ఒక్క మండలానికో, ఏ కొద్ది కుటుంబాలకో పరిమితమైన విషయం కాదు.

ఆటిజం ఉన్న పిల్లలకు సాధారణంగా సూచించేవి మూడు రకాల శిక్షణలు. మాటనూ, మాట రానివారికి బొమ్మల కార్డుల వంటి ఇతర మార్గాల్లో అవసరం చెప్పుకోవడాన్నీ నేర్పేది స్పీచ్ థెరపీ. బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం, పెన్సిల్ పట్టుకోవడం, చప్పుళ్లను తట్టుకోవడం వంటి రోజువారీ పనులను సాధన చేయించేది ఆక్యుపేషనల్ థెరపీ. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ ప్రోత్సాహమిస్తూ నేర్పేది ప్రవర్తనా శిక్షణ. వీటిలో ఒక్కో విడత మన సెంటర్లలో సాధారణంగా 45 నిమిషాలు. వారానికి ఐదు విడతలు జరిగినా అది నాలుగు గంటలకు మించదు. పిల్లవాడు మెలకువగా ఉండే సమయం వారానికి దాదాపు 90 గంటలనుకుంటే, తక్కిన 86 గంటలు అమ్మతో, నాన్నతో, తాతతో, అమ్మమ్మతో, బడితో, వీధితో గడిచేవే. సెంటర్‌లో ‘నీళ్లు’ అనడం నేర్చుకున్న పిల్లవాడికి ఇంట్లో దాహమేసినప్పుడు ఆ మాట అనే అవకాశాన్ని ఎవరో ఒకరు కల్పించకపోతే, పిల్లవాడు నోరు తెరవక ముందే గ్లాసు చేతికందిస్తే, నేర్చుకున్నది ఆ గదిలోనే ఉండిపోతుంది.

ఈ లెక్క ప్రకారం చూస్తే, ఉత్తరాంధ్ర కుటుంబాల్లో సర్వసాధారణంగా కనిపించే ఒక ఏర్పాటుకున్న అసలు వెల బయటపడుతుంది. తండ్రి ఉద్యోగమో వ్యాపారమో వదలలేక ఊళ్లో ఉండిపోతాడు, తల్లి పిల్లవాడిని తీసుకుని నగరంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుంటుంది, పెద్దపిల్ల ఉంటే నాయనమ్మ దగ్గర మిగిలిపోతుంది. వారానికి నాలుగు గంటల నాణ్యమైన శిక్షణ దొరుకుతుంది, నిజమే. అయితే పిల్లవాడిని ఎత్తుకుని పెరట్లో తిప్పే తాత ఉండడు, పేరు పెట్టి పిలిచే పక్కింటివాళ్లు ఉండరు, అరిస్తే సర్దుకుపోయే వీధి ఉండదు. పై అంతస్తు వాళ్ల ఫిర్యాదులకు భయపడి తలుపులూ కిటికీలూ బిగించుకుని తల్లి ఒక్కతే 86 గంటలనూ మోయవలసి వస్తుంది. మార్పును తట్టుకోలేకపోవడమే లక్షణంగా ఉన్న పిల్లవాడికి ఇల్లు, మనుషులు, భాష ఒకేసారి మారిపోతే, వచ్చిన మాటలు కూడా కొన్నాళ్లు వెనక్కిపోవచ్చు. ఆ తల్లి అలసట ఏ థెరపీ నివేదికలోనూ నమోదు కాదు గానీ, రెండో ఏడాది కొనసాగాలా మానాలా అన్నది చివరికి తేల్చేది అదే.

భాష గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బెంగళూరుకో చెన్నైకో మారిన కుటుంబాలకు ‘ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడు’ అన్న సలహా తరచుగా వినిపిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలు రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన మాట మరింత ఆలస్యమవుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. పైపెచ్చు తల్లికి పట్టులేని భాషలో పొడిపొడిగా మాట్లాడడం వల్ల పిల్లవాడి చెవిన పడే మాటలే తగ్గిపోతాయి. ఉత్తరాంధ్ర యాసలో తాత పాడే పాట, మామ్మ పెట్టే ముద్దుపేరు పిల్లవాడి శిక్షణకు అడ్డు కావు, అవీ శిక్షణే.

ఇంతమాత్రాన దూరప్రయాణం దండగని కాదు. దూరం వెళ్లి నేర్చుకుని తిరిగి రావడం, దూరంలోనే స్థిరపడడం వేరువేరు నిర్ణయాలు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల బాగాయం ప్రాంగణంలో పిల్లల మానసిక వైద్య విభాగం నడిపే నంబిక్కై నిలయంలో, తల్లిదండ్రులు బిడ్డతో పాటు కొన్ని వారాలు అక్కడే ఉండి, బిడ్డకు ఎలా నేర్పాలో తామే నేర్చుకుని వెళ్లే పద్ధతి ఉంది. ఢిల్లీలో మెర్రీ బరువా 1991లో నెలకొల్పిన యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ కూడా తల్లినీ బిడ్డనూ కలిపి శిక్షణకు తీసుకుంటుంది. వేలూరు వైద్యానికి కాట్పాడి రైలెక్కడం ఉత్తరాంధ్రకు కొత్త సంగతి కాదు. రెండు మూడు నెలల సెలవు, ఒక గది అద్దె, తిరుగు టికెట్టు, ఇవి స్థిర నివాసం మార్చుకోవడంతో పోల్చితే చాలా చిన్న ఖర్చు. ఇంటికి తెచ్చుకునే నైపుణ్యం మాత్రం కుటుంబం మొత్తానిదవుతుంది. తల్లిదండ్రుల ద్వారా అందే శిక్షణకు దక్షిణాసియాలోనే సాక్ష్యం ఉంది. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో జరిపి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, స్పెషలిస్టులు కాని స్థానిక కార్యకర్తలు తర్ఫీదు పొంది తల్లిదండ్రులకు మార్గదర్శనం చేశారు. ఆ కుటుంబాల్లో తల్లిదండ్రులు బిడ్డ చూపును, ఆసక్తిని అనుసరించి స్పందించడం మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము సంభాషణకు చొరవ చూపడమూ పెరిగింది. అంతటితో అన్ని ఇబ్బందులూ తీరిపోయాయని ఆ పరిశోధకులు చెప్పలేదు. స్పెషలిస్టు లేని ఊళ్లో కూడా చేయగలిగింది చాలా ఉందని మాత్రం అది చూపింది.

కొత్తవలస విషయంలో మధ్యేమార్గం పేరు విశాఖపట్నం. దూరం దాదాపు 30 కిలోమీటర్లు. అక్కడ కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం దశాబ్దాలుగా నడుస్తున్న లెబెన్‌షిల్ఫె ఉంది, నావికాదళ కుటుంబాల సంక్షేమ సంఘం నడిపే సంకల్ప్ పాఠశాల ఉంది, ప్రైవేటు థెరపీ సెంటర్లు అనేకం ఉన్నాయి. రోజూ వెళ్లిరావచ్చు కదా అని అనిపించడం సహజమే గానీ, ఆ ప్రయాణాన్ని బిడ్డ వైపు నుంచి కూడా చూడాలి. పెందుర్తి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు నిలిచిపోయినప్పుడు ఇంజను అదురు, వెనక లారీ హారన్లు, కిటకిటలాడే జనం, ఎవరో పట్టుకున్న మల్లెపూల ఘాటు, ఇవన్నీ చెవుల మీద చేతులు పెట్టుకున్న ఆ పిల్లవాడికి ఒక్కసారే మీద పడతాయి. రెండు గంటలు అలా గడిపి సెంటర్ మెట్లెక్కిన పిల్లవాడు 45 నిమిషాల్లో సగం కుదుటపడడానికే తీసుకుంటాడు, థెరపిస్టు ‘ఇవాళ సహకరించలేదు’ అని పుస్తకంలో రాస్తుంది. రైలు సమయాలు కుదిరితే రైలు నయం. అందులో ఒకే చోటు, ఒకే కిటికీ, ఒకే వరసలో వచ్చే స్టేషన్లు ఉంటాయి. పెందుర్తి, సింహాచలం అని ముందే చెప్పగలగడం అలాంటి పిల్లవాడికి ఊరటనిస్తుంది. వారానికి ఐదు రోజులు ముప్పావు గంట చొప్పున విడగొట్టిన విడతలకన్నా, రెండు రోజులు ఎక్కువసేపు ఉండి, తల్లిదండ్రులలో ఒకరు లోపలే కూర్చుని చూసి నేర్చుకునేలా సెంటర్‌తో మాట్లాడుకోవడం దూరం నుంచి వచ్చే కుటుంబానికి మేలు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని సెంటర్ ఎంత పేరున్నదైనా కొత్తవలస కుటుంబానికి పనికిరాదు, ఎందుకంటే ఆ తలుపు వెనక జరిగేది ఇంటికి చేరదు.

కాగితాల సంగతి మరో చిక్కు. వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి గ్రామ సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవలసింది సొంత జిల్లాలో. ఆటిజం తీవ్రతను కొలవడానికి సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ రూపొందించిన నలభై అంశాల భారతీయ కొలమానాన్ని వాడతారు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేనే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో దానికి చోటు దక్కింది, 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉందని తేలితే రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలకు పెరిగిన పింఛనుకు అర్హత రావచ్చు. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీలతో సహా, వైద్య ఖర్చులకు రక్షణ దొరుకుతుంది. ఇలా వైద్యం విశాఖలో, ధ్రువపత్రం విజయనగరంలో, బడి కొత్తవలసలో అన్న తీరులో కుటుంబం మూడు చోట్ల మధ్య తిరగవలసి వస్తుంది. హైదరాబాదుకో బెంగళూరుకో మారితే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ దేశమంతటా చెల్లుతుంది గానీ, రాష్ట్ర పింఛను సరిహద్దు దాటదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న, ఇప్పుడు నీపిడ్‌గా పిలిచే జాతీయ సంస్థ నిర్ధారణకూ సలహాకూ వెళ్లదగిన చోటు. దాని కోసం ఏడాదికొకసారి ప్రయాణం చాలు, కాపురం మార్చనక్కరలేదు.

అసలు కాపురం మార్చడానికి న్యాయమైన కారణం ఏదైనా ఉందంటే అది బడి. 2016 చట్టం 31వ సెక్షన్ ప్రకారం నలభై శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. 2012 సవరణ తర్వాత విద్యాహక్కు చట్టంలో వికలాంగ బాలలు కూడా ప్రైవేటు బడుల్లో పాతిక శాతం సీట్లకు అర్హులైన వర్గంలో చేరారు. హక్కు పుస్తకంలో ఉంటే సరిపోదు, తరగతిలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించడంలో డిప్లొమానో బీఈడీనో చేసిన ఉపాధ్యాయుడు. రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పు, ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు పది మందికీ, ఆపై తరగతుల్లో పదిహేను మందికీ ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని చెప్పింది. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను సృష్టించింది. అది మంచి అడుగు. అయితే అంతకు ముందు నుంచీ మండల స్థాయిలో ఈ భారాన్ని మోస్తున్నవి సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు, వాటిలో కాంట్రాక్టు మీద చాలీచాలని జీతాలకు పనిచేసే రిసోర్స్ టీచర్లు. ఒకరిద్దరు టీచర్లు మండలంలోని అన్ని రకాల వైకల్యాలున్న పిల్లలనూ చూసుకుంటూ, బడికి రాలేని పిల్లల ఇళ్లకూ వెళ్తూ, శిబిరాలకు పిల్లలను తరలిస్తూ ఉంటే, మాట రాని ఐదేళ్ల పిల్లవాడికి దక్కే సమయం ఎంతో ఊహించుకోవచ్చు.

అందువల్ల ఏ ఊరికి మారాలా అని ఆలోచించే కుటుంబం ముందుగా చేయవలసిన పని, అనుకున్న బడిలో ఇంటర్వెల్ సమయంలో కాసేపు నిలబడి చూడడం. తరగతి పాఠం ఎవరైనా చక్కగా చూపించగలరు. ఇంటర్వెల్‌లో మాత్రం ఆటిజం ఉన్న పిల్లవాడు గోడ పక్కన ఒంటరిగా తిరుగుతున్నాడా, పక్కన ఒక తోటి పిల్లో పిల్లవాడో ఉన్నారా, బెల్లు మోగినప్పుడు చెవులు మూసుకుంటే ఎవరైనా దగ్గరికి వచ్చారా అన్నది దాచలేరు. ఏడుపు ముంచుకొచ్చినప్పుడు కూర్చోవడానికి ప్రశాంతమైన మూల ఉందా, చిన్న ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ ‘వచ్చి తీసుకెళ్లండి’ అని తల్లికి ఫోను చేస్తారా, పిల్లవాడి పక్కన ఉండే షాడో టీచరును తల్లిదండ్రులే జీతమిచ్చి తెచ్చుకోవాలని షరతు పెడతారా, మరుగుదొడ్డికి వెళ్లాలని సైగ చేస్తే అర్థం చేసుకునే ఆయమ్మ ఉందా అని అడగాలి. రంగుల గోడలూ, విదేశీ పేరున్న పద్ధతులూ ఈ ప్రశ్నలకు జవాబు కావు. కొత్తవలసలోనే ఒక సర్కారు బడి టీచరు ఈ పిల్లవాడిని తరగతిలో కూర్చోబెట్టుకోవడానికి సిద్ధంగా ఉండి, భవిత కేంద్రం టీచరు వారానికి రెండుసార్లు వచ్చి ఆమెకు తోడ్పడుతుంటే, నగరంలోని ఖరీదైన బడి కన్నా అదే మేలైన చోటు. అలాంటి టీచరు దొరకనప్పుడు, పిల్లవాడు రోజంతా గోడ పక్కనే గడుపుతున్నప్పుడు, మారడానికి వెనకాడకూడదు. అప్పుడైనా పెందుర్తి, గోపాలపట్నం వంటి దగ్గరి చోట్లతో వెతకడం మొదలుపెడితే తండ్రి ఉద్యోగమూ, తాతగారిల్లూ చేతికందేంత దూరంలోనే ఉంటాయి.

విదేశాల్లోని తెలుగు కుటుంబాల అనుభవం కూడా ఈ ఆలోచననే బలపరుస్తుంది. అమెరికాలో 1975 నుంచీ వికలాంగ బాలల విద్యకు ఒకే ఫెడరల్ చట్టం ఉంది, 1990లో ఆటిజం అందులో ఒక విభాగంగా చేరింది, ప్రతి బిడ్డకూ ఐఈపీ పేరుతో వ్యక్తిగత విద్యాప్రణాళిక రాయడం బడికి విధి. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న న్యూజెర్సీ ఆటిజం సేవలకు పేరు తెచ్చుకోగా, తెలుగువారు అంతే పెద్దసంఖ్యలో ఉన్న టెక్సస్ 2004 నుంచి ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతానికి మించకూడదన్న లక్ష్యాన్ని లోపాయికారీగా అమలు చేసింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, 2018లో అమెరికా విద్యాశాఖ అది చట్టోల్లంఘనేనని తేల్చింది. చట్టం ఒకటే అయినా ఇల్లు ఏ రాష్ట్రంలో కొన్నారన్న దాన్ని బట్టి బిడ్డ చదువు మారిపోయింది. పైగా ఇంటి దగ్గర సేవలందించే మెడికెయిడ్ వేవర్ అనే పథకాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. టెక్సస్‌లో వాటికి పదేళ్లకు పైబడి వేచి ఉండవలసి వస్తుండగా, రాష్ట్రం మారిన కుటుంబం వరుసలో తన స్థానాన్ని పోగొట్టుకుని కొత్తచోట మళ్లీ చివర నిలబడుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2025 నివేదిక ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తించారు. అదే నివేదికలో కాలిఫోర్నియాలోని ఒక ప్రాంతంలో ప్రతి 19 మందిలో ఒకరుంటే, టెక్సస్‌లోని లరేడోలో ప్రతి 103 మందిలో ఒకరున్నారు. లరేడోలో ఆటిజం తక్కువని దానర్థం కాదు. వెతికే యంత్రాంగం ఎక్కడ బలంగా ఉంటే అక్కడ పిల్లలు ఎక్కువగా లెక్కకు వస్తారు, విజయనగరం జిల్లా లెక్కలను కూడా ఆ దృష్టితోనే చదవాలి.

మరో హెచ్చరిక అవసరం. ‘పూర్తిగా నయం చేస్తాం’ అన్న బోర్డు ఎక్కడ కనిపించినా ఆ ఊరు ఎంపికలోంచి తీసేయవచ్చు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి 2022లోనే స్పష్టం చేసింది. ఆస్తులమ్మి అలాంటి చికిత్సలకు పోయిన కుటుంబానికి ఆ తర్వాత స్పీచ్ థెరపీకి కూడా డబ్బు మిగలదు.

తల్లిదండ్రుల ఆలోచన ఎక్కువగా ఐదేళ్ల వయసు చుట్టూ తిరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాటి గురించి ఆలోచించేవారు తక్కువ. ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో ఆ బిడ్డ మేజరు, తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకత్వం కావాలంటే కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. పొలం, ఇల్లు, బ్యాంకు ఖాతా, తోబుట్టువు ఎక్కడున్నారో ఆ జిల్లాకే ఎప్పటికైనా తిరిగి రావలసి ఉంటుంది. ఇరవై ఏళ్ల యువకుడికి కొత్తవలస సంతలో కూరగాయల తక్కెడ దగ్గర నిలబడడం, రైల్వే స్టేషన్ రోడ్డులో తెలిసిన దుకాణంలో సరుకులు సర్దడం సాధ్యపడేది అక్కడి మనుషులకు చిన్నప్పటి నుంచి అతను తెలిసి ఉంటేనే.

ఇంత సేపూ మాట్లాడుకున్నది ఎంపిక ఉన్న కుటుంబాల గురించి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి భవన నిర్మాణ పనులకు హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖకో తరలిపోయే కూలీలకు ఏ ఊరన్నది మేస్త్రీ నిర్ణయిస్తాడు. వారి పిల్లవాడు రేకుల షెడ్డులో పెరుగుతాడు, సదరం స్లాట్ వచ్చే రోజుకు కుటుంబం ఊళ్లో ఉండదు, భవిత కేంద్రంలో పేరు ‘గైర్హాజరు’ అన్న గడిలో ఉండిపోతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ పిల్లలను పరీక్షించి, ఎదుగుదలలో ఆలస్యం కనిపించినవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలని నిర్దేశిస్తుంది. అంగన్‌వాడీకే రాని వలస బిడ్డ ఆ వలలో పడడు. సచివాలయ ఉద్యోగి వలస వెళ్లిన ఇంటి పిల్లవాడి కార్డు, థెరపీ రికార్డు, బడి నమోదును చేరిన చోటి సచివాలయానికో బడికో పంపే ఏర్పాటు, సంక్రాంతికి ఆ కుటుంబాలు ఊరికి వచ్చే వారంలోనే మండల కేంద్రంలో సదరం శిబిరం పెట్టడం, భవిత టీచర్లకు ఆటిజంలో అదనపు శిక్షణ ఇవ్వడం, విశాఖ ఆసుపత్రి నిర్ధారణను విజయనగరం బోర్డు మళ్లీ మొదటి నుంచి అడగకుండా అంగీకరించడం, ఇవన్నీ విజయనగరం, విశాఖ జిల్లాల కలెక్టర్లూ, విద్య, వైద్య శాఖలూ ఉన్న అధికారాలతోనే చేయగల పనులు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా కొత్తవలస మండలంలోనే వీటిని మొదలుపెట్టవచ్చు.